మధ్యాహ్నపు కునుకు ఎవరి సొత్తు?

ఇటలీవారు సోమరులట! పట్టపగలు దుకాణాలు మూసుకుని పడుకుంటారట! ఆగస్టు వచ్చిందంటే తలుపులకు తాళాలు వేసి సముద్రతీరాలకు పోతారట! ఇట్టి దేశం బాగుపడేదెట్లా అని మనవారి విచారం. పదిరోజుల యాత్రకు వచ్చి, వెనిస్‌లో పడవ ఎక్కి, పీసాలో ఒరిగిన గోపురం ముందు ఫోటో దిగి తిరిగి వెళ్ళిన తెలుగువారిలో ఈ తీర్పు చెప్పనివారిని నేను ఇంతవరకు చూడలేదు. ఈ తీర్పు తప్పని నా వాదం. అంతకంటె ముఖ్యం, అడగవలసిన ప్రశ్నను ఇది కప్పిపుచ్చుతున్నదని నా ఆరోపణ.

ఈ మాట అనడానికి నాకేమి అధికారమంటారా? మా అబ్బాయి ఉద్యోగరీత్యా ఉత్తర ఇటలీలో రెజ్జో ఎమీలియా జిల్లాలోని నొవెల్లారా అనే చిన్న పట్టణంలో ఉంటున్నాడు. 2025 వేసవి అక్కడ గడిపాను. నడుమ ఒక చౌకు, దాని చుట్టూ కమానుల వసారాలు, ఒక ప్రక్క గొంజాగా ప్రభువుల నాటి కోట, ఊరు దాటితే పో నదీమైదానపు పచ్చిక, పుచ్చకాయల చేలు. గాలి కదలదు. ఉక్క మన కోస్తా జిల్లాలను తలపిస్తుంది.

అక్కడివారి దినచర్య చెబుతాను, వినండి. ఉదయం పెందలకడనే దుకాణాలు తెరుస్తారు. పన్నెండున్నరకు మూస్తారు. మళ్ళీ మూడున్నరకో నాలుగుకో తెరిచి రాత్రి ఏడున్నర దాకా ఉంటారు. ఎండ పొడ తగలకముందే కిటికీల చెక్కరెక్కలు మూసివేసి, ప్రొద్దు వాలాక తెరుస్తారు. మందుల దుకాణం మూసి ఉంటే, ఆ వేళ వంతు ప్రకారం తెరిచి ఉన్న మరొక దుకాణం పేరు తలుపు మీదనే వ్రాసి ఉంటుంది. చల్లబడ్డాక ముసలీ ముతకా, పిల్లా పాపా అంతా చౌకులోకి నడకకు వస్తారు. ఇందులో సోమరితనం ఎక్కడ ఉన్నదో నాకు బోధపడలేదు. మా తాతగారు తెల్లవారుజామున అరక కట్టి, ఎండ ముదరకముందే విప్పి, చద్ది తిని చెట్టునీడన నడుము వాల్చేవారు. ఆయనను సోమరి అన్నవాడు మా ఊళ్ళో లేడు. ఎండను ఎరిగినవాడి వివేకమది.

ఇక ఆగస్టు 15. మనకు స్వాతంత్ర్యదినం, వారికి 'ఫెర్రాగోస్తో'. క్రీ.పూ. 18లో అగస్టస్ చక్రవర్తి ఏర్పరచిన విశ్రాంతి దినాలకు అది వారసత్వం. తరువాత మరియమాత స్వర్గారోహణ పండుగ దానితో కలిసింది. ఆ రోజుల్లో దుకాణాల తలుపులపై సెలవుల చీటీలు వ్రేలాడతాయి. రెండువేల ఏండ్లుగా నిలుపుకొన్న విశ్రాంతిని వారు అనుభవిస్తే మనకెందుకు కంటగింపు?

అయితే అడగవలసిన ప్రశ్న వేరే ఉన్నది. ఈ విశ్రాంతి ఆ ఊళ్ళో అందరిదీనా?

మధ్యాహ్నం మూడు గంటల వేళ, వీధిలో పురుగు కూడా మెసలని సమయంలో, తలపాగా చుట్టుకున్న ఒక పెద్దమనిషి సైకిలు త్రొక్కుకుంటూ పశువుల కొట్టం వైపు పోవడం నేను ప్రతిదినమూ చూశాను. పంజాబీ. ఆ ప్రాంతపు పాడిపనికి గత నాలుగు దశాబ్దాలుగా వెన్నెముక వీరే. 2000లో నొవెల్లారాలో పెద్ద గురుద్వారాయే వెలసింది. పర్మిజానో రెజ్జానో అనే జగత్ప్రసిద్ధమైన జున్ను తయారయ్యేది అక్కడే. సాయంకాలపు పాలను రాత్రంతా నిలవబెట్టి, మీగడ తీసి, మరునాటి ఉదయపు పాలతో కలిపి రాగి కాగుల్లో కాస్తారు. దాదాపు 40 కిలోల చక్రం ఒక్కదానికి సుమారు 550 లీటర్ల పాలు కావాలి. కనుక రెండుపూటలా పాలు పితకక తప్పదు. ఆవుకు ఆగస్టు తెలియదు. ఊరివారు సముద్రస్నానం చేసే ఫెర్రాగోస్తో నాడు కూడా ఎవరో ఒకరు తెల్లవారకముందే లేవాలి. ఆ 'ఎవరో ఒకరు' తరచుగా పరదేశి.

నొవెల్లారాను నేను నిందించడం లేదు. అక్కడ వీరికి వేతనముంది, ఇల్లుంది, పిల్లలకు బడి ఉంది. అదే దేశంలో దక్షిణానికి పోయిన కొద్దీ కథ మారుతుంది. 2021 జూన్‌లో బ్రిందిజీ దగ్గర కమారా ఫాంతమాది అనే మాలీ దేశపు యువకుడు మండుటెండలో పొలం పని చేసి సైకిలు మీద ఇంటికి పోతూ ప్రాణం విడిచాడు. రోముకు దక్షిణాన ఉన్న లాతీనా జిల్లాలో, 2024 జూన్‌లో, సత్నామ్ సింగ్ అనే పంజాబీ కూలీ చేతిని యంత్రం తెంచివేస్తే, వైద్యులకు కబురు చేయకుండా తెగిన చేతితో సహా ఇంటి ముందు దింపి పోయారు. రెండు రోజులకు అతడు మరణించాడు. కూలీలను దోచుకునే దళారులను, యజమానులను శిక్షించే చట్టం 2016 నుంచే ఉన్నది. ఫాంతమాది చనిపోయాకనే పూల్యా ప్రాంతంలో, ఎండ ప్రమాదస్థాయికి చేరిన రోజుల్లో పన్నెండున్నర నుంచి నాలుగు దాకా పొలం పని నిషేధించారు. 2025లో నొవెల్లారా ఉన్న ఎమీలియా-రొమాన్యాతో సహా పెక్కు ప్రాంతాలు అట్టి ఆజ్ఞలే ఇచ్చాయి. దుకాణదారుడికి తరతరాల ఆచారంగా దక్కిన ఆ మూడు గంటలు, పరదేశి కూలీకి దక్కడానికి శవాలు లేవవలసి వచ్చింది!

విశ్రాంతితో పాటు మర్యాద. తెలుగు పండితుణ్ణి కనుక సర్వనామం దగ్గర నా చెవి ఊరుకోదు. ఇటాలియనులో 'తు' అంటే నువ్వు, 'లేయ్' అంటే మీరు. ఈ 'లేయ్' నిజానికి 'ఆమె' అనే ప్రథమపురుష సర్వనామం. సంస్కృతంలో 'భవాన్' శబ్దానికి ప్రథమపురుష క్రియ చేర్చినట్లే, గౌరవం కోసం ఎదుటివారికి వాడతారు. ఎంత సొగసైన ఏర్పాటు! ఒక కార్యాలయంలో మా మనుమడి వయసు గుమాస్తా నా ముందున్న ఇటలీ వృద్ధుణ్ణి 'లేయ్' అన్నాడు. నన్నూ, నా వెనుకనున్న పంజాబీ పెద్దాయననూ 'తు' అన్నాడు. "చనువుకొద్దీ అంటారు నాన్నగారూ" అన్నాడు మా అబ్బాయి. "ఆ చనువు ముందున్న ముసలాయన మీద ఎందుకు చూపలేదురా?" అన్నాను. వాడు బదులు చెప్పలేదు.

ఇప్పుడు ఇటలీవారిని తిట్టడానికి మనవారు ఉత్సాహంగా గొంతు సవరించుకుంటారని ఎరుగుదును. కొంచెం ఆగండి. ఒడిశా నుంచి వచ్చి మన ఇటుక బట్టీల్లో, మన బహుళ అంతస్తుల కట్టడాల్లో పనిచేసేవారిని మనం ఏ సర్వనామంతో పిలుస్తున్నాం? నలభై ఏండ్ల మేస్త్రీని ఇరవై ఏండ్ల ఇంజనీరు 'ఒరే' అనడం వినలేదా? 2015 వేసవిలో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల్లో కలిపి వడదెబ్బకు రెండువేల మందికి పైగా మరణించారని ప్రభుత్వాల లెక్కలే చెప్పాయి. వారు శీతలయంత్రాల గదుల్లో కూర్చుని మరణించలేదు కదా! ఎండవేళ పని వద్దని మన అధికారులూ ప్రతి వేసవీ ప్రకటిస్తారు. ఆ ప్రకటన చదివి పని ఆపిన గుత్తేదారు ఎవరైనా ఉంటే నాకు చూపండి, దండం పెడతాను.

నా వాదం ఇదే. మధ్యాహ్నపు కునుకు సోమరితనం కాదు, నాగరికత. కాని ఇంటివాడు పడుకుని పరదేశి ఎండలో నిలబడితే ఆ నాగరికత సగమే. ఇటలీ మిగిలిన సగాన్ని ఇప్పుడిప్పుడే, ప్రాణాలు పోయాక, చట్టంలో వ్రాసుకుంటున్నది. మనం ఇంటివాడి కునుకునే పోగొట్టుకుని, అదే అభివృద్ధి అనుకుంటున్నాం.

కాబట్టి ఇటలీవారి నిద్ర మీద వ్యాఖ్యానించదలచిన పెద్దలు ముందుగా ఒక్క పని చేయండి. రేపు మధ్యాహ్నం ఒంటిగంటకు మీ వీధి చివర లేస్తున్న మేడ దగ్గరకు వెళ్ళండి. ఇటుకలు మోస్తున్న మనిషి పేరు అడగండి, 'మీరు' అని సంబోధించి అడగండి. ఆ వేళ అతడికి నీడ ఉన్నదో లేదో చూసి రండి. తరువాత మాట్లాడుకుందాం.