గెట్టు తగాదాలో ఏడవనివాడు

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికి పోయి ఏడుస్తాడు అనే సామెతను మన మేధావులు తరచు వల్లిస్తూ ఉంటారు. జానెడు గెట్టు కోసం ఎకరం అమ్ముకునే మూర్ఖుడు రైతు అని దాని భావం. మన కథల్లో సైతం ఈ వ్యాజ్యాల రైతు చాలాకాలం హాస్యపాత్రగానే బతికాడు. ఇద్దరూ ఏడుస్తారన్న మాట అబద్ధమంటాను.

గెట్టు దున్ని కలుపుకున్నవాడెవడు? ట్రాక్టరున్నవాడు. నేల అతని స్వాధీనంలో ఉన్నంతకాలం పంట అతనిది. ఆ పంటతోనే వాయిదా వాయిదాకూ ప్లీడరు ఫీజు చెల్లిస్తాడు. రెండెకరాలవాడు మంచిర్యాల కోర్టుకు వచ్చిన నాడు కూలి పోతుంది, బస్సు చార్జీ పోతుంది. ఆలస్యం ఒకరికి నష్టం, మరొకరికి రాబడి. దీన్ని "ఇరుపక్షాల మొండితనం" అనేవారు ఎవరి పక్షమో వేరే చెప్పాలా?

పాసుపుస్తకంలో ఎకరాలూ గుంటలూ ఉంటాయి. ఆ గుంటలు ఏ రాయి దగ్గర మొదలై ఏ రాయి దగ్గర ఆగుతాయో ఉండదు. అది చెప్పవలసింది నిజాం కాలపు సర్వేలో గీసిన టిప్పన్. అన్నదమ్ములు పంచుకున్న ముక్కలకు చాలాచోట్ల ఆ పటమూ లేదు. హద్దురాళ్లంటారా, అవి ఎవరి అరుగు కిందికి చేరాయో అడక్కండి.

2020 చట్టం ధరణిని తెచ్చి, రెవెన్యూ కోర్టులను రద్దు చేసింది. చిన్నరైతు ఎక్కగలిగిన మొదటి మెట్టు ఊడిపోయి, సివిల్ కోర్టే దిక్కయింది. 2025 నాటి భూభారతి చట్టం అప్పీళ్లను మళ్ళీ తెచ్చింది, పటం ఉండాలన్నది. సంతోషం. కాని గెట్టు పోయినవాడికి ముందు కావలసింది గొలుసు పట్టే సర్వేయరు.

సివిల్ కోర్టులో జరిగేదేమిటి? ఫీజు తక్కువని వట్టి ఇంజంక్షన్ దావా వేస్తారు. వరంగల్లు ఖాళీ జాగా కేసులో 2008లో సుప్రీంకోర్టు, హక్కే వివాదంలో పడ్డప్పుడు వట్టి ఇంజంక్షన్ చాలదనీ, హక్కు ప్రకటన కోరాలనీ తేల్చింది. సూత్రం సబబే. అది రెండెకరాలవాడి చెవిన పడేసరికి ఎన్ని పంటలు పోతాయి?

కోర్టులెందుకు, ఊరి పెద్దలు చాలరా అనే మిత్రులున్నారు. ఏ పెద్దలు? 1946–51లో తెలంగాణ రైతాంగం ఎవరిమీద తిరగబడిందో మరచిపోయారా?

సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డరు 9వ రూలు కింద కోర్టు కమిషనరును నేలమీదికి పంపవచ్చు. "సాక్ష్యం కూడబెట్టడానికి కమిషన్ వేయరాదు" అని ఎదుటి ప్లీడరు అడ్డుపడతాడు. గెట్టుకు సాక్ష్యం గెట్టు మీద గాక కాగితాల కట్టలో దొరుకుతుందా? దావా పడిన మొదటి నెలలోనే కొలత జరగాలి. కొలత ఖర్చు సర్కారు పెట్టుకోవాలి. కొలిచేదాకా తగాదాలో ఉన్న చాళ్లలో ఏ పక్షమూ నాగలి పెట్టరాదని ఆజ్ఞ ఉండాలి.