వాళ్ల పోస్టు దాచిపెట్టు, మన పోస్టు ఆలోచించి పెట్టు

వాడ మీద దాడి జరిగితే ఇప్పుడు చేతులు ముందు సెల్ ఫోను మీదికే పోతున్నాయి. అది తప్పని మేం అనడం లేదు. పెద్ద పత్రికలు లోపలి పేజీలో దాచిన నెత్తురుని లోకానికి చూపించింది ఈ ఫోనే. కానీ కేసు గెలవాల్సింది కోర్టులో. అక్కడ పోస్టు రెండువైపులా పదునున్న కత్తి.

ఒక పదును మనకు పనికొచ్చేది. కులం పేరుతో తిట్టి ఫేస్‌బుక్‌లోనో యూట్యూబులోనో పెట్టినవాడు తన మీద తానే సాక్ష్యం రాసిచ్చినట్టు. పదిమంది చూసే చోట అవమానిస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఇంటర్నెట్‌లో పెట్టిందీ పదిమంది చూసే చోటేనని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. అయితే స్క్రీన్‌షాటు తీసి ఊరుకుంటే చాలదు. అసలు ఫోనునే కోర్టులో పెడితే తప్ప, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ ఉండి తీరాలని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షనూ సర్టిఫికెట్ అడుగుతోంది. అందుకే లింకు, తేదీ, టైము రాసిపెట్టుకోండి. ఆ ఫోను అమ్మొద్దు, మార్చొద్దు.

రెండో పదును మన మెడ మీదికొస్తుంది. ఫిర్యాదులో ఎనిమిది పేర్లుంటాయి. సాక్షి కోపంలో 'ఇరవైమంది కొట్టారు' అని పోస్టు పెడతాడు. నిందితుల వకీలుకి ఆ తేడా చాలు, బోనులో నిలబెట్టి అబద్ధాలకోరంటాడు. సాక్ష్యం నిలవకపోతే ఏమవుతుందో చుండూరు చూపించింది. 1991 మారణకాండకు 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, నేరం రుజువు కాలేదని 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. అప్పుడు చేతుల్లో సెల్ ఫోన్లు లేవు. ఇప్పుడు లొసుగుల్ని మన చేత్తో మనమే రాసివ్వాలా?

అత్యాచారానికి గురైన ఆడబిడ్డ పేరు, ఫొటో పెట్టడం మరీ ఘోరం. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. అంతకంటే ముందు, ఆ బిడ్డ రేపు ఊళ్లో బతకాలి.

నోరు మూసుకోమని మేం చెప్పం. నోరు నొక్కేవాళ్ల మీదే మన పోరాటం. ముందు ఫిర్యాదు, చేతిలో ఎఫ్.ఐ.ఆర్. నకలు, తర్వాతే పోస్టు. కేసు కట్టమని పోలీసులు మొండికేస్తే ఆ మొండితనాన్నే లోకమంతా చాటండి. చూసిందే రాయండి, విన్నది రాయొద్దు. మన పోస్టు సాక్షికి అండ కావాలి, శత్రువు చేతికి ఆయుధం కాకూడదు.