కషాయం కాగుతుండగా

ఈశాన్య రుతుపవనాల ముసురు పట్టిందంటే మన నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు ఇళ్లల్లో పొయ్యిమీద కషాయం కాగాల్సిందే. దంచిన మిరియాలు, అల్లం, తులసి వేసి, గ్లాసున్నర నీళ్లు గ్లాసయ్యేదాకా మరగనిచ్చి, బెల్లంముక్క కలిపి తాగితే గొంతుకు నిజంగా హాయి. వావిలాకు ఆవిరీ అంతే. చంటిపిల్లల దగ్గర మాత్రం మరిగే గిన్నె పెట్టొద్దు. కానీ కషాయమైనా ఆవిరైనా బాధ తగ్గించేవే, జలుబును రాకుండా ఆపేవి కావు. 2021లో మన జిల్లా కృష్ణపట్నంలో కరోనాకంటూ ఆనందయ్య ఇచ్చిన నాటుమందు కోసం జనం ఎలా ఎగబడ్డారో చూశాం. వైరస్‌కు అలాంటి గుంపే కావాలి.

రాకుండా చూసేవి చవకైనవే: సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగడం, ముసురులోనూ కిటికీ కాస్త తెరిచి ఉంచడం, కంటినిండా నిద్ర. పెద్దవాళ్లు, గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టరునడిగి ఏటా ఫ్లూ టీకా వేయించుకోండి. ఆయాసం వస్తే కషాయం పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి.