అట్టపెట్టెలోని డైనోసార్

డైనోసార్ అనగానే మన పిల్లలు టైరనోసారస్ పేరు చెబుతారు. దానికన్నా పొడవైన మాంసాహారి మరొకటి ఉండేది. అదే స్పైనోసారస్. పొడవు సుమారు 14 మీటర్లు. దాదాపు తొమ్మిదిన్నర కోట్ల సంవత్సరాల క్రితం ఉత్తర ఆఫ్రికాలో, నేడు ఎడారిగా ఉన్న ప్రాంతంలో నదులు పారిన కాలంలో అది జీవించింది.

1912లో ఈజిప్టులోని బహరియా ఒయాసిస్సు వద్ద దాని ఎముకలు బయల్పడ్డాయి. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ స్ట్రోమర్ వాటిని పరిశీలించి 1915లో దానికి ఆ పేరు పెట్టారు. వెన్నుపూసల మీద నిటారుగా లేచిన ఎముకల్లో అతి పెద్దది 1.65 మీటర్లు, అంటే నిలుచున్న మనిషంత! వాటిని కప్పిన చర్మం ఓడ తెరచాపలా కనిపించి ఉంటుంది. దవడ మొసలి దవడలా సన్నన. దంతాలు గుండ్రని మేకుల వంటివి. మాంసాన్ని చీల్చడానికన్నా జారిపోయే చేపను పట్టడానికే అనువైనవి.

ఆ ఎముకలు మ్యూనిచ్ మ్యూజియంలో ఉండేవి. యుద్ధకాలంలో వాటిని సురక్షిత ప్రదేశానికి తరలించమని స్ట్రోమర్ ఎంత వేడుకున్నా అక్కడి అధికారి వినలేదు. 1944 ఏప్రిల్ 24 రాత్రి బాంబుదాడిలో అవన్నీ నాశనమయ్యాయి. మిగిలినవి ఆయన ఓపికగా రాసిన వర్ణనలు, కొలతలు, చిత్రాలే. ఆ శ్రమే లేకుంటే ఆ జంతువు రెండోసారి అంతరించినట్లే అయ్యేది.

2008లో మొరాకోలోని ఎర్ఫూద్ పట్టణంలో ఒక వ్యక్తి, యువ పరిశోధకుడు నిజార్ ఇబ్రాహీంకు అట్టపెట్టెలో కొన్ని ఎముకలు చూపించాడు. ఆ తర్వాత ఇటలీలోని మిలాన్ మ్యూజియంలో సరిగ్గా అలాంటివే ఆయన కంటబడ్డాయి. రెండూ ఒకే జంతువువా? ఏ నేలలో, ఏ పొరలో దొరికిందో తెలియని ఎముక శాస్త్రానికి సగమే ఉపయోగం. తవ్విన చోటు తెలిసినవాడు ఆ వ్యక్తి ఒక్కడే. అతని పేరు తెలియదు, ఊరు తెలియదు. మీసాలు మాత్రం గుర్తున్నాయి. 2013లో ఎర్ఫూద్‌లోని ఒక కాఫీ హోటల్లో ఇబ్రాహీం నిరాశతో కూర్చుని ఉండగా ఆ మీసాల మనిషే ఎదురుగా నడచి వెళ్లాడు! వెంటబడి అడిగితే, ఎముకలు తీసిన గుట్టను చూపించాడు.

అక్కడి ఎముకల ఆధారంగా 2014లో కొత్త రూపం ప్రకటించారు. వెనుక కాళ్లు కురచ. ఎముకలు లోపల గట్టిగా, బరువుగా ఉన్నాయి. తర్వాత అదే గుట్టలో లభించిన తోక వెడల్పాటి తెడ్డులా ఉందని 2020లో వెల్లడైంది. ఇక ఇది నీటిలో ఈదుతూ వేటాడిన డైనోసారే అన్నారు ఇబ్రాహీం బృందంవారు. అంత పెద్ద తెరచాపతో నీట మునగడం కష్టమనీ, కొంగలా ఒడ్డున నిలబడి చేపలు పట్టేదనీ మరికొందరి వాదన. ఆ వివాదం నేటికీ తేలలేదు.