పచ్చని వెలుగు జాముల్ దాకా వచ్చేనా?

రాజధానిలోని కొన్ని పెద్ద ఆసుపత్రులలో ఇప్పుడు శస్త్రచికిత్స నడుమ గదిలో దీపాలు తగ్గిస్తున్నారు. పేగులో చెడిన భాగాన్ని కోసి, మిగిలిన రెండు కొసలనూ కలిపి కుట్టడానికి ముందు రోగి నరంలోకి కొంచెం రంగుమందు ఎక్కిస్తారు. కొద్దిసేపటిలోనే తెరమీద పేగు పచ్చగా వెలుగుతుంది. నెత్తురు అందినంత మేరకే వెలుగు, అందనిచోట చీకటి. ఆ చీకటిని చూసి సర్జను తన కోతను మరికొంత ఎగువకు జరుపుకొంటాడు.

ఇండోసయనిన్ గ్రీన్ అనే ఈ మందు కొత్తదేమీ కాదు. ఫొటో ఫిల్ములు చేసే కోడక్ సంస్థ ప్రయోగశాలలో పుట్టి, 1959లో అమెరికాలో వైద్యానికి అనుమతి పొందినది. భిలాయిలో మొదటి ఉక్కుకొలిమిని రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించినది కూడా ఆ ఏటనే. నెత్తుటిలోని ఈ రంగు కంటికి కానరాని పరారుణ కాంతి సోకితే మెరుస్తుంది; కొన్ని నిమిషాలలో కాలేయం దానిని పైత్యరసంతో బయటకు పంపివేస్తుంది. రంగే అక్కరలేకుండా, లేజరు కాంతి చుక్కల కదలికనుబట్టి నెత్తుటి పరుగును చూసే పద్ధతి కూడా ఉన్నది.

ఇది ధనికుల ముచ్చట అనుకోరాదు. పొట్ట పెద్దగా కోసే రోజులలో సర్జను తన వేళ్ళతో రక్తనాళాన్ని తాకి, నాడి ఆడుతున్నదో లేదో తెలుసుకొనేవాడు. చిన్న రంధ్రాల గుండా గొట్టాలు దించే పద్ధతి వచ్చాక చెయ్యి బయటనే ఉండిపోయినది. రోగికి కోత తగ్గినది గాని, వైద్యుడి స్పర్శ కూడా దానితోపాటే పోయినది. ఈ వెలుగు ఆ లోటుకు కొంత పూరకం.

ఈ మాటలన్నీ నాకు జాముల్ లో గుర్తుకు వచ్చినవి. భిలాయిని ఆనుకొన్న సిమెంటు పట్టణమది. ఆ ప్రాంతానికి తరాల క్రితమే వలసపోయిన తెలుగు కుటుంబాలు అనేకం. శ్రీకాకుళం నుండి వచ్చిన ఒక దినకూలీ చొక్కా ఎత్తి పొట్టమీద కట్టిన సంచీ చూపించాడు. "చిన్న కోతే బాబూ, పదిరోజుల్లో పనిలోకి ఎల్లిపోవచ్చన్నారు" అన్నాడు. లోపలి కుట్టు విడిపోయినదట. రెండవ ఆపరేషన్ అయి, నాలుగు నెలలుగా కూలి లేదు.

ఆ యంత్రం ఉంటే అతనికి ఈ గతి తప్పేదని నేను ప్రమాణం చేయలేను. జపానులో మలాశయ క్యాన్సరు రోగులు 800 మందికి పైగా పాల్గొన్న పరీక్షలో, ఈ వెలుగు వాడినప్పుడు కుట్టు కారడం 11.8 శాతం నుండి 7.6 శాతానికి తగ్గినట్లు 2023లో ప్రకటించారు. నెదర్లాండ్సులో జరిగిన మరొక పెద్ద పరీక్షలో స్పష్టమైన లాభం తేలలేదు. కుట్టు చెడడానికి నెత్తురు అందకపోవడం ఒక్కటే కారణం కాదు మరి.

నా అభ్యంతరం వేరు. ఛత్తీస్‌గఢ్ లో పనిముట్లు వస్తున్నవి. వాటికి తోడు రావలసినవి రావడం లేదు. 2014 నవంబరు 8న బిలాస్‌పూర్ సమీపాన, మూతబడిన ఒక ఆసుపత్రిలో, కొద్ది గంటలలో 83 మంది స్త్రీలకు లాపరోస్కోపుతో కుటుంబనియంత్రణ ఆపరేషన్లు చేశారు. పదముగ్గురు చనిపోయారు. అక్కడి లోపం నెత్తుటి పరుగుది కాదు, నిజమే. కాని చిన్న కోత అంటే చిన్న ఏర్పాట్లు చాలునన్న భ్రమ అక్కడా ఉన్నది, జాముల్ లోనూ ఉన్నది.

2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ పథకం కుటుంబానికి ఏటా 5 లక్షల వరకు హామీ ఇస్తున్నది. అయితే ఆసుపత్రికి ముట్టేది ఆపరేషన్ కు ఇంతని కట్టిన మొత్తం ధర. రంగుమందైనా, కెమెరా అయినా అందులోనే సర్దుకోవాలి. వాడని ఆసుపత్రికి మిగులు, వాడినదానికి తగులు! పేగు కుట్టే చికిత్సలకైనా ఈ ఖర్చును విడిగా చెల్లించాలి. కెమెరాలను ముందుగా ప్రభుత్వ వైద్య కళాశాలలకు ఇచ్చి, అక్కడి ఫలితాలను ఏటేటా ప్రకటించాలి. ఈ ప్రాంతంలో ఆసుపత్రి గుమ్మం సయితం పోరాట విషయమే. భిలాయికి ఇనుపరాయి పంపే దల్లీ రాజ్‌హరాలో గని కార్మికులు తమ చందాలతో 1983లో షహీద్ ఆసుపత్రి పెట్టుకొన్నారు. వారి నాయకుడు శంకర్ గుహా నియోగిని 1991లో భిలాయిలోనే హత్యచేశారు.

లేచి వస్తుంటే ఆ కూలీ తన ఆయుష్మాన్ కార్డు తీసి చూపి, సంచీ తీసివేసే మూడవ ఆపరేషన్ కు ఆ పచ్చదీపం దీనిమీద ఇస్తారా అని అడిగాడు.