బస్తర్ చిత్తడి మొక్కలు: ఒక్క మాట చిరునామా చాలదు

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ సమీపాన గల కోప్రా జలాశయం 2025 డిసెంబరులో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. ఆ రాష్ట్రానికి ఈ గుర్తింపు లభించడం ఇదే ప్రథమం. అయితే అదే రాష్ట్రపు దక్షిణ భాగమైన బస్తర్‌లో చిత్తడి అంటే విశాలమైన జలాశయం మాత్రమే కాదు. వరి మడుల అంచులు, బండల మీద నీరు ఊరే ఇసుక నేలలు, వానలు వెనుదిరిగాక కొన్ని నెలలు తడిగా ఉండి వేసవికి ఎండిపోయే పల్లపు జాగాలు కూడా చిత్తడులే.

పాఠ్యపుస్తకాలలో కీటకాహార మొక్కగా పరిచయమైన డ్రాసెరా ఇటువంటి చోట్లనే పెరుగుతుంది. డ్రాసెరా బర్మానీ అనే జాతి మొక్క నేలకు అంటుకుని, సుమారు రూపాయి నాణెం పరిమాణంలో ఉంటుంది. నత్రజని కొరవడిన నేలలో జిగురు వెంట్రుకలతో చిన్న పురుగులను పట్టి లోటు తీర్చుకుంటుంది. సన్నని కాడపై తెల్లని పూలు పూస్తుంది. నేల ఎండితే మొక్క కూడా మాయమవుతుంది.

ఇంతటి అల్పాయుష్షు మొక్క ఫలానా చోట, ఫలానా నెలలో ఉన్నదనడానికి నమ్మదగిన సాక్ష్యం హెర్బేరియంలోని కాగితమే. మొక్కను అదిమి, ఆరబెట్టి, అట్టకు అతికించి, సేకరించిన స్థలం, తేదీ, వ్యక్తి పేరు రాసి భద్రపరుస్తారు. 1890లో ఏర్పడిన భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థకు 1962 నుంచి ప్రయాగ్‌రాజ్‌లో ప్రాంతీయ కేంద్రం ఉన్నది. బస్తర్ దాని పరిధిలోనిదే. ఆ సంస్థ నమూనాల చిత్రాలు 2022 నుంచి ఇండియన్ వర్చువల్ హెర్బేరియం ద్వారా ఇంటర్నెట్‌లోనూ లభిస్తున్నాయి.

చిక్కు చిరునామాలో ఉన్నది. అవిభక్త బస్తర్ జిల్లా విస్తీర్ణం 39 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే; అంటే కేరళ రాష్ట్రం కన్నా ఎక్కువ. 1998 నుంచి జరిగిన విభజనలతో అది నేడు ఏడు జిల్లాలైంది. పాత చీటీపై ‘బస్తర్’ అని మాత్రమే ఉంటే, ఆ మొక్క కాంకేర్‌లో దొరికిందో, తెలుగు వినబడే కోంటా దగ్గర దొరికిందో చెప్పడం కష్టం. పైగా అబూజ్‌మాడ్ వంటి ప్రాంతంలో దశాబ్దాలపాటు రెవెన్యూ సర్వేయే పూర్తి కాలేదు. మొక్కల సంగతి చెప్పనక్కరలేదు. అక్కడి నమూనా లేదంటే అక్కడ మొక్క లేదని అర్థం కాదు.

ప్రభుత్వ నిబంధనలూ ఈ మొక్కకు అనుకూలంగా లేవు. 2017 చిత్తడి నేలల నియమావళి వరి పొలాలను, నదీ ప్రవాహ మార్గాలను నిర్వచనం నుంచి మినహాయించింది. ఇస్రో రూపొందించిన జాతీయ చిత్తడి నేలల పటంలో హద్దులు గీసినది 2.25 హెక్టార్లకు పైబడిన వాటికే. అంతకన్నా చిన్నవి చుక్కలుగా మిగిలాయి. పర్యావరణ అనుమతుల కోసం చేసే ప్రభావ అధ్యయనాలకు అనేక ప్రాజెక్టుల విషయంలో వర్షాకాలం కాని ఒక్క రుతువు సమాచారం సరిపోతుంది. ఆ రుతువు వేసవి అయితే, డ్రాసెరా ఆ నివేదికలో కనిపించే అవకాశమే లేదు.

మావోయిస్టు సమస్యను 2026 మార్చి 31 నాటికి అంతం చేస్తామని కేంద్రం గడువు ప్రకటించిన దరిమిలా, బస్తర్‌లో రహదారులు, గనులు, ఇంద్రావతిపై బోధ్‌ఘాట్ ప్రాజెక్టు మళ్లీ చర్చకు వచ్చాయి. రోడ్డు వేసే యంత్రం చేరుకోగల చోటికి వృక్షశాస్త్రజ్ఞుడు కూడా చేరుకోగలడు. ఎవరు ముందు వెళతారన్నదే ప్రశ్న. వానలు తగ్గిన అక్టోబరు నుంచి చలికాలం ముగిసేవరకు సర్వే జరిపి, ప్రతి నమూనాకూ అక్షాంశ రేఖాంశాలతో పాటు గోండీ, హల్బీ, దొర్లీ భాషలలోని స్థానిక నామాన్ని కూడా నమోదు చేయాలి. ఆ పేర్లు తెలిసిన పెద్దలు ఇంకా ఊళ్లలో ఉన్నారు.