వెలుగు మంత్రము, చీకటి మంత్రము: ఏది గెలుచును?

ఆటలయందు కొన్నిటికి దేహబలము ప్రధానము, కొన్నిటికి పాచికల వాటము ప్రధానము, కొన్నిటికి బుద్ధి ప్రధానము. పాచికలను, బుద్ధిని, మాటనేర్పును ఒక్కచోట కూర్చిన యాట యొకటి 1974వ సంవత్సరమున అమెరికా దేశమునందు గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురిచే వెలువరింపబడెను. దాని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. నలుగురైదుగురు బల్లచుట్టు కూర్చుండి, ఒకడు వీరుడుగను, ఒకడు అర్చకుడుగను, వేఱొకడు మాంత్రికుడుగను పాత్రలు వహించి, నోటిమాటతోనే కథ నడుపుదురు. ఒకడు మాత్రము ఏ పక్షమును చేరక కథ చెప్పుచు తీర్పరియై యుండును; అతనికి డంజన్ మాస్టరని పేరు. ఫలము సందేహమైన కార్యములకు ఇరువది ముఖముల పాచికను వేయుదురు.

దిల్‌సుఖ్‌నగరు, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి. నగరు ప్రాంతములనుండి మన పాఠశాలకు వచ్చు బాలబాలికలలో కొందఱు సెలవుదినములయందు ఈ యాట నాడుచున్నారు. దీనినిబట్టి రెండు వివాదములు పుట్టినవి. మొదటిది పిల్లల వివాదము: ఒకడు వెలుగు మంత్రమును, మఱియొకడు చీకటి మంత్రమును ఒక్కచోటనే ప్రయోగించినప్పుడు ఏది నిలుచును? రెండవది తలిదండ్రుల వివాదము: మంత్రములతో గూడిన యాట, అందులోను చీకటి వెలుగును ఆర్పివేయుటకు వీలిచ్చు నిబంధన గల యాట, మన పిల్లలకు తగునా? ఈ రెండు ప్రశ్నలును ఒకదానినొకటి అంటియున్నవి. మొదటిదానిని శ్రద్ధగా విచారించినచో రెండవదానికి సమాధానము చాలవఱకు దొరకునని నా యభిప్రాయము.

మొదట గ్రంథమేమి చెప్పుచున్నదో చూతము. 2014వ సంవత్సరమున వెలువడిన ఐదవ కూర్పునందు మంత్రములకు తరగతులు కలవు. ఒకటి మొదలు తొమ్మిదివఱకు అవి పెరుగును. డార్క్‌నెస్ అను చీకటి మంత్రము రెండవ తరగతిది. అది చుట్టును పదునైదు అడుగులమేర వ్యాపించును. పదినిమిషములకు మించి నిలువదు. మామూలు దివిటీగాని లాంతరుగాని దానిలో వెలుగీయజాలదు. చీకటిలో చూడగల జాతులవారి కన్నులును దానిలో పనిచేయవు. రెండవ తరగతికి మించని మంత్రములవలన పుట్టిన వెలుగు ఏదియైనను దానిని తాకినంతనే ఆరిపోవును. కెంపుపొడి ఖర్చుచేసి వెలిగించిన కంటిన్యువల్ ఫ్లేమ్ అను ఆరని దీపముసయితము రెండవ తరగతిదే గనుక నశించును. డేలైట్ అను పగటి వెలుగు మంత్రము మూడవ తరగతిది. అది అఱువది అడుగులమేర ప్రకాశమును, అంతకు వెలుపల మఱి అఱువది అడుగులు మసక వెలుగును కలిగించి గంటసేపు నిలుచును. మూడవ తరగతికి మించని చీకటి మంత్రమును రద్దుచేయును.

ఇందలి విశేషమును గమనింపుడు. రెండవ తరగతియందు సమానులు ఎదురుపడినప్పుడు చీకటిదే గెలుపు. మూడవ తరగతియందు సమానులు ఎదురుపడినప్పుడు వెలుగుదే గెలుపు. కావున స్వభావముచేత ఇది గొప్పది, అది తక్కువది అని గ్రంథము చెప్పుటలేదు. మఱియు చీకటి నిలువవలెనన్నచో ప్రయోగించినవాడు తన మనస్సును దానిపైననే నిలిపియుంచవలెను. మనస్సు చెదరినచో చీకటియు చెదరును. పగటి వెలుగునకు ఆ కాపలా యక్కఱలేదు. ఒకసారి వెలిగించి వేఱు పనికి పోవచ్చును. మాంత్రికునికి చీకటి మూడవ మెట్టుననే దొరకును. అర్చకుడు పగటి వెలుగునకు ఐదవ మెట్టువఱకు కాచుకొనవలెను. త్వరగా దొరకు దానిని ఎల్లప్పుడు కాచుకొనవలసివచ్చుటయు, ఆలస్యముగా దొరకునది తనంతట నిలుచుటయు మన చదువులయందును చూచుచున్నదే.

ఇక చిక్కు ఎక్కడ? తక్కువ తరగతి మంత్రమును ఎక్కువ తరగతి శక్తితో ప్రయోగించుటకు గ్రంథము అనుమతించుచున్నది. ఒకడు చీకటిని నాలుగవ తరగతి శక్తితో నిలిపెననుకొందము. రెండవవాడు మూడవ తరగతి పగటి వెలుగును దానిపై ప్రయోగించెను. వెలుగు మూడవ తరగతివఱకే చీకటిని కొట్టివేయగలదు గనుక ఈ చీకటిని కొట్టివేయజాలదు. చీకటియో, ఎంత శక్తితో ప్రయోగించినను, రెండవ తరగతివఱకు గల వెలుగునే ఆర్పగలదని దాని నిబంధన. కావున అదియు ఈ వెలుగును ఆర్పజాలదు. రెండును బ్రతికియున్నవి, రెండును ఒకేచోట నున్నవి. అచ్చట నిలుచున్నవానికి కన్ను కనబడునా, కనబడదా? ఈ ప్రశ్నకు గ్రంథము ఊరకున్నది. పిల్లలు కేకలు వేయుట ఇక్కడనే.

ఒక పక్షమువారు చీకటి మంత్రముయొక్క శక్తి పెద్దది గనుక చీకటియే యుండవలెనందురు. మఱియొక పక్షమువారు, చీకటి తన నిబంధనలో మామూలు దీపములనే నిషేధించెను గాని మంత్రపు వెలుగును నిషేధింపలేదు గనుక వెలుగే యుండవలెనందురు. రెండు వాదములును గ్రంథాక్షరముల నాశ్రయించినవే. రెండును బుద్ధిమంతుల వాదములే. అయినను నాకు 2003వ సంవత్సరపు కూర్పులోని తీర్పు ఉత్తమముగ తోచుచున్నది. పగటి వెలుగును మంత్రపు చీకటియు కలిసినచోట ఆ కలిసిన మేరకు రెండును పనిచేయవు; మంత్రములు లేకున్నచో ఆ స్థలమున ఎట్టి వెలుతురుండెనో అదియే యుండును. మధ్యాహ్నపు బయలైనచో ఎండ, గుహయైనచో సహజమైన చీకటి. ఇరువురు వ్యాజ్యగాండ్రలో ఎవని హక్కును ఋజువు కానప్పుడు న్యాయాధికారి భూమిని ఎవనికిని క్రొత్తగా ఇయ్యడు. వ్యాజ్యమునకు పూర్వమున్న స్థితినే నిలుపును. తీర్పరిస్థానమున కూర్చుండిన బాలుడు ఈ మర్యాదను నేర్చుకొనుట మేలు.

ఇట్టి చిక్కు పరదేశపు వింత యని తలపరాదు. భారతమునందు భీష్మపర్వమున అలంబుసుడను రాక్షసుడు అభిమన్యునితో పోరుచు తామసమాయచే రణభూమిని చీకటితో కప్పగా, అభిమన్యుడు సూర్యసంబంధమైన అస్త్రమును ప్రయోగించి ఆ చీకటిని పోగొట్టెను. విరాటపర్వము మొదలుకొని భారతమును తిక్కన సోమయాజి తెనిగించుటచేత ఈ ఘట్టము మన తాతముత్తాతలకు సుపరిచితము. ద్రోణపర్వమునందలి రాత్రియుద్ధమునందు మాత్రము అస్త్రములతో పనిలేకయే రథములకు, ఏనుగులకు, గుఱ్ఱములకు లెక్కప్రకారము దీపములమర్చి పోరిరి. మంత్రపు చీకటికి మంత్రపు వెలుగును, మామూలు రాత్రికి మామూలు దీపమును అను విభాగమును మన పూర్వులును ఎఱిగియుండిరి. మన పవిత్ర గ్రంథమునందును నిర్గమకాండము పదియవ అధ్యాయమున ఐగుప్తుదేశమును మూడు దినములు కప్పిన గాఢాంధకారమును, ఇశ్రాయేలీయుల నివాసములయందు నిలిచిన వెలుగును చదువుచున్నాము.

ఈ పిల్లల తగవునకు మూలమైన ప్రశ్నను మన తెలుగువాడే యొకడు మూడువందల యేండ్లకు పూర్వము విచారించెను. పదునేడవ శతాబ్దివాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహమునందు ద్రవ్యములు తొమ్మిది యని లెక్కపెట్టెను: పృథివి, జలము, తేజస్సు, వాయువు, ఆకాశము, కాలము, దిక్కు, ఆత్మ, మనస్సు. చీకటి నల్లగా కనబడుచున్నది, కదలుచున్నది గదా, దానిని పదియవ ద్రవ్యముగా ఏల లెక్కింపరాదని మీమాంసకుల యాక్షేపము. దానికి ఆయన తన వ్యాఖ్యయగు దీపికయందు సమాధానము చెప్పెను. రంగుగల వస్తువును కన్ను చూడవలెనన్నచో వెలుగు కావలెను. చీకటినో వెలుగు లేనప్పుడే చూచుచున్నాము. కావున చీకటి వస్తువు కాదు, వెలుగు లేకపోవుటయే చీకటి. నేటి ప్రకృతిశాస్త్రమును చీకటిని వెలుగు లేమిగానే బోధించుచున్నది. అమెరికా యాటలోని చీకటి మాత్రము మీమాంసకుల చీకటి. అది ఒక వస్తువువలె వచ్చి దీపమును త్రోసివేయును. దానిని ఒక రాతికి తగిలించి, ఆ రాతిపై మూకుడు బోర్లించినచో చీకటియే లోపల బందీయగును! ఆటయందలి చీకటికిని పాఠమునందలి చీకటికిని గల ఈ భేదమును తానే కనిపెట్టిన విద్యార్థి, తర్కమును ప్రకృతిశాస్త్రమును ఒక్క సాయంకాలమున అభ్యసించినవాడగును.

మఱియొక భేదము. చీకటిగానున్న వరండాలో నిలిచి దీపములు వెలుగుచున్న వీధిని చూడవచ్చును. వీధిలోనివాడు మాత్రము మనలను చూడలేడు. ఆటలోని చీకటియో లోపలివానికిని వెలుపలివానికిని తెరయే యని అనేకుల వ్యాఖ్యానము. మన పట్టణపు పిల్లలకు దీనిని పరీక్షించుటకుసయితము అవకాశము తక్కువ. దిల్‌సుఖ్‌నగరు మెట్రో స్టేషను మొదలు ఎల్.బి. నగరు చౌరస్తావఱకు దుకాణముల పలకలును, స్తంభముల దీపములును రాత్రిని రాత్రిగా ఉండనీయవు. కరెంటు పోయినప్పుడు తప్ప మన పిల్లలు నిజమైన చీకటిని ఎఱుగరు. దివిటీ ఎన్ని అడుగులు వెలుగిచ్చునో, గంటలో ఎంత నూనె కాలునో లెక్కవేసికొనుట వారికి ఈ యాటలోనే మొదటిసారి తటస్థించుచున్నది.

ఇక తలిదండ్రుల భయమును విచారింతము. ఆ భయము నవ్వదగినది కాదు. 1983వ సంవత్సరమున అమెరికాలో కుమారుని పోగొట్టుకొన్న యొక తల్లి, ఆ మరణమునకు ఈ యాటయే కారణమని నమ్మి, దీనికి విరోధముగా ఒక సంఘమును స్థాపించెను. 1984లో జాక్ చిక్ అను నతడు డార్క్ డంజన్స్ అను చిత్రకథా కరపత్రమును ప్రకటించి, ఈ యాట మంత్రవిద్యకు ద్వారమని చాటెను. అనేక క్రైస్తవ గృహములలో ఆ కాలమున ఈ పుస్తకములు నిషేధింపబడెను. అయినను ఆటవలన అట్టి కీడు కలిగెనని ఋజువు కాలేదు. ఆటలో మంత్రమనగా పుస్తకమున వ్రాసిన కొలతలు: ఇన్ని అడుగులు, ఇన్ని నిమిషములు, ఇన్నవ తరగతి. ఇందు ఏ దేవతనుగాని భూతమునుగాని పిలుచుట లేదు. కల్పితకథయందలి మంత్రమును చూచి భయపడినచో, భక్తుడైన సి.ఎస్. లూయిస్ 1950 మొదలు 1956వఱకు పిల్లలకొఱకు ప్రకటించిన నార్నియా కథలనుసయితము మనము మూసివేయవలసివచ్చును.

చీకటి వెలుగును ఆర్పుట యోహాను సువార్త మొదటి అధ్యాయమునకు విరుద్ధము గాదా యని కొందఱడుగుదురు. సువార్తయందలి వెలుగు వేఱు, బల్లమీది లెక్కలలోని దీపము వేఱు. చదరంగమున రాజు పట్టుబడినంతమాత్రమున రాజ్యము కూలదు. ఆటనుండి వేదాంతమును తీయుటయు, వేదాంతమును ఆటకు కొలబద్దగా నిలుపుటయు రెండును తగవు. అంతియుగాక వెలుగు ఎల్లప్పుడు అప్రయత్నముగా గెలుచునని నిబంధన యున్నచో, దానిని నేర్చుకొనుటకు ఎవడును శ్రమపడడు.

నన్ను కలవరపెట్టునది మంత్రములు కావు; మఱియొకటి. కోచింగు కేంద్రములకు పేరుపొందిన మన ప్రాంతమున పుస్తకమనగా నాలుగు జవాబులలో ఒకదానిని గుర్తించుటకే యను తలపు పిల్లలలో నాటుకొనుచున్నది. జవాబు లేని ప్రశ్న యున్నదని వారికి తెలియదు. ఈ యాటయందు వారు ఒక్క వాక్యమును పదిమారులు చదివి, “తాకినచో” అను మాటకు అర్థమేమి, “మించని” అను మాటలో సమానమైనది చేరునా యని తర్కించుచున్నారు. వ్యాకరణపాఠమునందు నేను కోరునది ఇదియే. పుస్తకము ఊరకున్నచోట ఇరువురి మాటయు విని తీర్పు చెప్పుటయు, ఓడినవాడు ఆ తీర్పునకు లోబడి మరల ఆడుటయు నే పరీక్షయును నేర్పలేని విద్య.

కావున తలిదండ్రులకు నా మనవి యిది: ఆటను నిషేధింపకుడు, కాని విడిచిపెట్టకుడు. వారమున కొకసారి, పగటివేళ, ఇంటిలోని పెద్దలు వినుచుండగా ఆడనిండు. పరీక్షల మాసమున పుస్తకములు బీరువాలో నుండవలెను. కథ క్రూరముగను అశ్లీలముగను మాఱినచో ఆపివేయుటకు పెద్దలు వెనుదీయరాదు.

విద్యార్థులారా, మీకును ఒక మాట. ఆట మొదలిడుటకు పూర్వమే ఇట్టి చిక్కులకు తీర్పును నిర్ణయించుకొని కాగితముపై వ్రాసికొనుడు. ఆట నడుమ దానిని మార్చుకొనకుడు. తీర్పరి స్థానమున ఒక్కడే యెల్లప్పుడు కూర్చుండక వంతులు వేసికొనుడు. తీర్పు చెప్పుట యెంత కష్టమో తెలిసినవాడు తీర్పును ధిక్కరింపడు. చీకటివాడు గెలిచినను, వెలుగువాడు గెలిచినను, ఆట ముగిసిన తరువాత పుస్తకమును మూసి, ఒకరినొకరు మర్యాదగా పలుకరించుకొని ఇండ్లకు చేరుడు.